పరభాష ఎంతవరకు వచ్చింది?

"నీకు హిందీ వచ్చా?" అని అడుగుతాం. "వచ్చు" అనో, "రాదు" అనో జవాబు వస్తుంది. ఈత, సైకిలు, వంట అన్నిటికీ మన తెలుగులో ఇదే క్రియ. రోజువారీ వ్యవహారానికి ఇది సరిపోతుంది గాని, పరభాష విషయంలో ఈ రెండు జవాబులూ చాలవు. స్టేషనులో టిక్కెట్టు కొనుక్కోగలిగినవాడూ "వచ్చు" అంటాడు, అదే భాషలో కోర్టులో వాదించగలిగినవాడూ "వచ్చు" అంటాడు. ఆ ఇద్దరి మధ్యా ఎన్నో ఏళ్ళ కృషి ఉంది. కనుక అడగవలసిన ప్రశ్న "వచ్చా, రాదా?" అని కాదు. "ఎంతవరకు వచ్చింది?" అని.

ఈ ప్రశ్న ఇవాళ మన విద్యార్థులకు చాలా దగ్గరి ప్రశ్న. ఉన్నత విద్యకూ ఉద్యోగానికీ జర్మనీ వెళ్ళాలనుకునే తెలుగు పిల్లలు ఇప్పుడు ప్రతి కాలేజీలోనూ కనిపిస్తున్నారు. ఆ దేశంలో ప్రతి గుమ్మం దగ్గరా ఒక మెట్టు పేరు చెప్పి "ఇంతవరకు వచ్చిందా?" అని అడుగుతారు. అందువల్ల విదేశీ భాషలో మాట్లాడటం నేర్చుకునేవాడు ఏయే మెట్ల మీదుగా పైకి వెడతాడో, ఎక్కడ ఆగిపోతాడో, ఎందుకు ఆగిపోతాడో జర్మన్ భాషను ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

కొలబద్ద ఎలా వచ్చింది?

మాట్లాడే శక్తిని కొలవాలన్న ఆలోచన పాతదేమీ కాదు. 1950ల వరకు అమెరికా ప్రభుత్వోద్యోగులు తమ దరఖాస్తుల్లో "ఫ్రెంచి ధారాళంగా వచ్చు", "జర్మన్ బాగా వచ్చు" అని తమకు తోచినట్టు రాసుకునేవారు. ఎవరి "బాగా" ఎంతో ఎవరికీ తెలియదు. ఆ దశాబ్దంలో అక్కడి విదేశాంగ శాఖవారి శిక్షణ సంస్థ సున్న నుంచి అయిదు వరకు ఒక కొలబద్ద తయారుచేసింది. ఏమీ రానివాడికి సున్న, చదువుకున్న స్థానికుడితో సమానంగా మాట్లాడగలవాడికి అయిదు. తన వృత్తి వ్యవహారాలను ఆ భాషలో నడుపుకోగలవాడు మూడో అంకె దగ్గర ఉన్నట్టు లెక్క. వ్యాకరణం ఎంత తెలుసునని కాక, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించి ఏం చెయ్యగలడో చూడటం ఇందులోని విశేషం.

ఈ కొలబద్దతో జాన్ కారల్ అనే విద్యా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలో విదేశీ భాష ప్రధాన విషయంగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నవారిని పరీక్షించి, 1967లో ఫలితాలు ప్రకటించాడు. మాట్లాడటంలో వారి మధ్యస్థ స్థాయి రెండుకు కాస్త పైన, మూడుకు దిగువన తేలింది. అంటే ఏళ్ళ తరబడి భాషే చదువుకున్నవారిలో కూడా సగానికి పైగా వృత్తికి పనికివచ్చేంతగా మాట్లాడలేకపోయారన్నమాట. ఆ భాష మాట్లాడే దేశంలో కొంతకాలం గడిపి వచ్చినవారు మాత్రం మెరుగ్గా కనిపించారు. మార్కులు వేరు, మాట వేరు అని మనం తరచు అనుకునే సంగతికి ఇది ఒక గట్టి నిదర్శనం.

యూరపులో ఇదే ప్రయత్నం మరో దారిలో సాగింది. స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ కౌన్సిల్ పక్షాన యాన్ వాన్ ఎక్ 1975లో ఒక స్థాయిని నిర్వచించి, దానికి "గడప" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పరాయి దేశంలో తన పనులు తాను చక్కబెట్టుకుంటూ, నలుగురితో కలిసి మసలడానికి కావలసిన కనీసపు భాష అది. తరువాత ఆ గడపకు కింద రెండు మెట్లు, పైన మూడు మెట్లు చేరి, 2001లో ఆరు మెట్ల చట్రంగా ప్రచురితమైంది. అవే ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2. గడప అన్నది ఇందులో బి1.

జర్మనీ విషయంలో ఈ అక్షరాలకు చాలా విలువ ఉంది. అక్కడ స్థిరపడిన భర్త దగ్గరికో భార్య దగ్గరికో వెళ్ళేవారికి చాలా సందర్భాల్లో ఎ1 కావాలి. ఆ దేశపు పౌరసత్వానికి బి1 కావాలి. నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బి2 అడుగుతారు. జర్మన్ మాధ్యమంలో డిగ్రీ చదవాలంటే దాదాపు సి1 ఉండాలి. ఇంగ్లీషు మాధ్యమంలో ఎం.ఎస్. చేసేవారికి చేరేటప్పుడు జర్మన్ అక్కర్లేకపోవచ్చు. కాని ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడూ, పార్ట్ టైమ్ పని వెతుక్కునేటప్పుడూ, చదువయ్యాక ఉద్యోగానికి తిరిగేటప్పుడూ ఆ లోటు తెలుస్తుంది.

మొదటి మెట్టు: మాట

ఎ1 దగ్గర విద్యార్థి చేతిలో ఉన్నవి విడి మాటలు, కంఠతా వచ్చిన చిన్న వాక్యాలు. పేరు, ఊరు, వయస్సు, చదువు చెప్పడం, పేరులోని అక్షరాలు ఒక్కొక్కటిగా పలకడం, టెలిఫోన్ నంబరు చెప్పడం, "దయచేసి కిటికీ తెరవండి" వంటి చిన్న విన్నపం చెయ్యడం. గోథే ఇన్‌స్టిట్యూట్ వారి ఎ1 మౌఖిక పరీక్షలో దాదాపు ఇవే అడుగుతారు.

ఇక్కడ చెవికీ నాలుకకూ ఎక్కువ పని. ఒక ధ్వని కోసం నాలుకను "ఇ" అనడానికి సిద్ధంగా పెట్టి, పెదవులు మాత్రం "ఉ"కు చుట్టినట్టు చుట్టాలి. ఇరవై నాలుగును జర్మన్‌లో "నాలుగూ ఇరవై" అన్న వరసలో చెబుతారు. కాగితం మీద సులువే గాని, ఎదుటివాడు గబగబా ధర చెబితే ఇరవై నాలుగు కాస్తా నలభై రెండుగా వినబడుతుంది. అంకెలు చూసి కాక విని రాసుకోవడం ఈ మెట్టు మీద చెయ్యవలసిన అభ్యాసం.

మరో చిక్కు లింగం. జర్మన్‌లో ప్రతి నామవాచకానికీ పుం, స్త్రీ, నపుంసక లింగాల్లో ఏదో ఒకటి ఉంటుంది. ఆడపిల్ల అనే అర్థం వచ్చే "మేట్‌షెన్" అన్న మాట నపుంసక లింగం! విని మన పిల్లలు నవ్వుతారు. కాని మన భాష సంగతి? "అమ్మాయి వచ్చింది", "బస్సు వచ్చింది". క్రియ దగ్గర మనకూ స్త్రీకీ వస్తువుకూ ఏకవచనంలో తేడా లేదు. తెలుగువాడు ఇది తలుచుకుంటే జర్మన్ అంత విడ్డూరంగా తోచదు. అలాగే "డూ", "జీ" అనే రెండు సంబోధనల తేడా ఇంగ్లీషువాడికి కొత్త గాని, "నువ్వు", "మీరు" అని పెరిగిన మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

రెండో మెట్టు నుంచి గడప దాకా: వాక్యం

ఎ2లో విడి మాటలు వాక్యాలవుతాయి. నిన్న ఏం చేశానో, రేపు ఎక్కడికి వెడతానో చెప్పగలుగుతాడు. బి1 దగ్గర ఆ వాక్యాలకు ముడి పడుతుంది. "రాలేదు. జబ్బు చేసింది" అనడం ఎ2. "జబ్బు చేసింది కనుక రాలేదు" అనడం బి1 వైపు అడుగు. కారణం, షరతు, వ్యతిరేకం చెప్పే చిన్న మాటలే ఇక్కడ ముఖ్యం.

జర్మన్‌లో "వైల్" అంటే "ఎందుకంటే". ఆ మాట వచ్చిందంటే ఆ ఉపవాక్యంలో క్రియ చివరికి పోతుంది. "వైల్ ఇష్ క్రాంక్ బిన్" అన్నది మాట వెంట మాటగా "ఎందుకంటే నేను జబ్బుగా ఉన్నాను" అని మన వరసలోనే నడుస్తుంది. తెలుగువాడికి ఇది నల్లేరు మీద బండి కావాలి. కాని కాదు. ఏమంటే మన పిల్లలు చాలామంది ఇంగ్లీషు వాక్యం మనసులో కట్టుకుని, దాన్ని జర్మన్‌లోకి మారుస్తారు. ఇంగ్లీషులో క్రియ మధ్యలో ఉంటుంది కాబట్టి అక్కడే పెట్టేస్తారు. ఇలాంటి చోట ఇంగ్లీషును పక్కన పెట్టి తెలుగును తలుచుకోవడం లాభం.

గోథే ఇన్‌స్టిట్యూట్ బి1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ నాలుగు భాగాలు. ప్రతి భాగంలోనూ నూటికి అరవై రావాలి. రాతలో తొంభై వచ్చింది గదా అని మాటలో యాభైని క్షమించరు. మాట్లాడే పరీక్షకు సాధారణంగా ఇద్దరిద్దరిని కూర్చోబెడతారు. ఇద్దరూ కలిసి ఒక పని గురించి సంప్రదించుకోవాలి, ఒక విషయం మీద చిన్న ప్రసంగం చెయ్యాలి, ఎదుటివారి ప్రసంగం విని ప్రశ్న వెయ్యాలి. కంఠస్థం చేసిన ప్రసంగం రెండో పనికి కొంత ఉపకరిస్తుంది. మొదటిదానికీ మూడోదానికీ ఉపకరించదు. ఎదుటివాడు ఏమంటాడో ముందుగా ఎవరికి తెలుసు?

గడప దాటాక: గరాటు

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. "మొదటి ఆరు నెలల్లో అంత వేగంగా వచ్చిందే, ఇప్పుడు ఎన్నాళ్ళు చదివినా ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను" అని బి1 దగ్గర నిరుత్సాహపడతారు. తెలివి తగ్గిందని కొందరు, మాస్టారు మంచివారు కారని కొందరు అనుకుంటారు. రెండూ నిజం కానక్కర్లేదు.

ఒక గరాటు తీసుకుని, సన్నని మూతిని వేలితో మూసి, పైనుంచి నీళ్ళు పోయండి. మొదటి గుక్కెడు నీళ్ళకే మట్టం చటుక్కున పైకి వస్తుంది. పైకి పోయినకొద్దీ గరాటు వెడల్పవుతుంది. అన్నే నీళ్ళు పోసినా మట్టం కదిలినట్టే ఉండదు. భాష కూడా అంతే. అమెరికా విదేశీ భాషా బోధకుల మండలి 1986లో ప్రకటించిన మార్గదర్శకాలను వివరించడానికి తలకిందులైన పిరమిడ్ బొమ్మ వాడేది ఇందుకే. మొదటి దశలో మాట, తరువాత వాక్యం, ఆ తరువాత పేరా, ఆపైన సుదీర్ఘమైన వాదం. ఒక్కొక్క దశకు కావలసిన సరుకు కింది దశకన్నా ఎన్నో రెట్లు.

లెక్కల్లో చూసినా ఇదే తేలుతుంది. గోథే ఇన్‌స్టిట్యూట్ అంచనా ప్రకారం నలభై అయిదు నిమిషాల పాఠాలు ఎ1కి 80 నుంచి 200 వరకు చాలు. బి1 చేరడానికి మొత్తం 350 నుంచి 650, బి2కి 600 నుంచి 800, సి2కి వెయ్యికి పైమాటే. ఇవి తరగతి గదిలో జరిగే పాఠాలు మాత్రమే. ఇంటి దగ్గర చేసే సాధన ఇందులో లేదు.

గరాటు కాక మరో కారణం కూడా ఉంది. లారీ సెలింకర్ అనే భాషా శాస్త్రజ్ఞుడు 1972లో ఒక వ్యాసం రాశాడు. పరభాష నేర్చుకునేవాడి నోట ఉండేది అటు మాతృభాషా కాదు, ఇటు పరభాషా కాదు, రెండింటి నడుమ సొంత నియమాలున్న ఒక మధ్యంతర భాష అన్నాడు. అది కదులుతూ ఉన్నంతకాలం ఫరవాలేదు. ఒక్కొక్కచోట తప్పులతో సహా గడ్డకట్టి రాయి అయిపోతుంది. ఎందుకు గడ్డకడుతుందన్న దానికి పండితులు పలు కారణాలు చెబుతారు. మనకు తేలిగ్గా అర్థమయ్యేది ఒకటి: మన తప్పుతోనే పని జరిగిపోతోంది కాబట్టి. దుకాణంవాడికి కావలసింది మన డబ్బు, మన వ్యాకరణం కాదు. లింగం తప్పు చెప్పినా రొట్టె ఇస్తాడు. రొట్టె చేతికొచ్చాక దిద్దుకునే అవసరం మనకు కనిపించదు.

బి2: పేరా, వివరం, వాదం

బి1కూ బి2కూ తేడా ఏమిటో ఒక నర్సు ఉద్యోగంతో చెబితే స్పష్టంగా ఉంటుంది. రోగిని "నొప్పి ఉందా? ఎక్కడ?" అని అడగటానికి ఎ2 చాలు. రోగి చెప్పే జవాబు అర్థం కావడానికి అది చాలదు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు నొప్పి అని ఊరుకోరు. పోటు అంటారు, సలుపు అంటారు, గుంజుతోంది అంటారు, మంట అంటారు. వైద్యుడికి ఒక్కొక్క మాట ఒక్కొక్క సూచన. జర్మన్ ముసలావిడ కూడా అంతే. పోటుకు "ష్టెషెంట్", గుంజుకు "ట్సీయెంట్", సలుపుకు "పోఖెంట్", మంటకు "బ్రెన్నెంట్" అంటుంది. నర్సు అది విని, రాత్రి ఎప్పుడు మొదలయిందో, మందు ఇచ్చాక తగ్గిందో లేదో, పొద్దున డ్యూటీకి వచ్చిన మరో నర్సుకు వరసగా ఒక పేరాగా చెప్పాలి. డాక్టరు అనుమానం వెలిబుచ్చితే, తాను ఎందుకలా అనుకుంటున్నదో చెప్పాలి. తెలియని మాట తగిలితే నోరు మూసుకోకుండా చుట్టుతిప్పి అడిగి తెలుసుకోవాలి. ఈ పనులన్నీ కలిసి బి2. అక్కడ "అర్థమయింది" అని తల ఊపి ఊరుకుంటే నష్టపోయేది మంచం మీద ఉన్న రోగి.

సి1, సి2 మెట్ల మీద ప్రశ్న మళ్ళీ మారుతుంది. చెప్పగలవా అని కాదు, సందర్భానికి తగినట్టు చెప్పగలవా అని. ప్రొఫెసరుతో ఒక తీరు, మిత్రుడితో ఒక తీరు, సంతాపసభలో ఒక తీరు. ఎత్తిపొడుపు, హాస్యం, మర్యాదగా కాదనడం ఇక్కడి పాఠాలు. అందరికీ సి2 అవసరం లేదు. ఎవరికి ఏ పని ఉందో ఆ పనికి తగిన మెట్టు చేరితే చాలు.

వింటే సరిపోతుందా?

"బాగా వింటూ ఉంటే అదే వస్తుంది" అని ఒక వాదం ఉంది. స్టీఫెన్ క్రాషెన్ 1980ల మొదట్లో దీన్ని సిద్ధాంతంగానే ప్రతిపాదించాడు. తనకు వచ్చినదానికన్నా ఒక్క మెట్టు పైనున్న భాషను అర్థమయ్యేట్టు వినడం, చదవడం ప్రధానమన్నాడు. అందులో సత్యం లేకపోలేదు. కాని 1985లో మెరిల్ స్వెయిన్ కెనడా పిల్లలను చూపించి మరో మాట చెప్పింది. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ళల్లోని ఆ పిల్లలు పాఠాలన్నీ ఫ్రెంచిలో ఏళ్ళ తరబడి విన్నారు. వింటే చక్కగా అర్థమవుతుంది. మాట్లాడితే మాత్రం వ్యాకరణం తప్పుతుంది. కారణం? తరగతిలో వాళ్ళు వినడమే గాని నోరు విప్పి నాలుగు వాక్యాలు కట్టే అవసరం తక్కువ. మాట్లాడబోతేనే మన దగ్గర ఏది లేదో మనకు తెలుస్తుందని ఆమె వాదన. నీళ్ళలో దిగకుండా ఈత రాదని మన పెద్దలు అన్నది కూడా ఇదే గదా!

ఏ మెట్టు మీద ఏం చెయ్యాలి?

మెట్టు మారితే సాధన కూడా మారాలి. అన్ని మెట్ల మీదా ఒకే పద్ధతి పట్టుకుని వేళ్ళాడటం చాలామంది చేసే పొరపాటు.

1. ఎ1 దగ్గర బిగ్గరగా పలకాలి. నామవాచకాన్ని దాని లింగసూచకంతో కలిపి ఒకే మాటగా నేర్వాలి. అంకెలు, అక్షరాలు చెవితో విని రాయాలి. కంఠస్థం ఇక్కడ తప్పు కాదు, అవసరం.

2. ఎ2 నుంచి బి1 వెళ్ళేటప్పుడు రోజూ రాత్రి ఆనాటి సంగతులు రెండు నిమిషాలు చెప్పుకోవాలి. ప్రతిరోజూ ఒక "కనుక", ఒక "అయినా", ఒక "అయితే" తప్పక వాడాలి.

3. బి1 దగ్గర ఆగిపోయినవారికి ఒక మంచి పద్ధతి ఉంది. పాల్ నేషన్ 1989లో ప్రచురించిన వ్యాసంలో దీన్ని పరిశీలించాడు. ఒకే విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాల్లో, మరొకరికి మూడు నిమిషాల్లో, ఇంకొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. చెప్పే సంగతి అదే కాబట్టి మనసు మాట మీద నిలుస్తుంది, తడబాటు తగ్గుతుంది. హాస్టల్ గదిలో నలుగురుంటే చాలు, పైసా ఖర్చు లేదు.

4. రాయి కట్టిన తప్పులను కరిగించాలంటే మన మాట మనమే రికార్డు చేసుకుని వినాలి. వారానికి ఒక్క తప్పే పట్టుకోవాలి. ఈ వారం క్రియ స్థానం, వచ్చే వారం లింగం. "ఇది ఒక్కటి దిద్దండి" అని మిత్రుణ్ణి కోరాలి. అన్నీ ఒకేసారి దిద్దితే నోరు పెగలదు.

5. బి2 కోసం ఒక విషయం తీసుకుని మొదట అనుకూలంగా, తరువాత ప్రతికూలంగా వాదించాలి. మాట తెలియనప్పుడు నిఘంటువు వైపు చూడకుండా, ఆ వస్తువు ఎలా ఉంటుందో, దేనికి వాడతారో చెప్పి నెగ్గుకురావాలి.

మరో మాట. తెలుగు రాష్ట్రాల్లో విదేశీ భాషలకు వసతి లేదనడానికి వీల్లేదు. 1958లో హైదరాబాదులో వెలిసిన ఇంగ్లీషు భాషా సంస్థ 1972లో విదేశీ భాషలను కూడా చేర్చుకుంది, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇంటి దగ్గర కూర్చుని జర్మన్ రేడియో వినే సదుపాయం ఇవాళ సెల్‌ఫోనులోనే ఉంది. లోటు ఉన్నది తోడు కూర్చుని మాట్లాడేవాళ్ళకు. అది మాత్రం విద్యార్థులు తమలో తామే సమకూర్చుకోవాలి. తాడెక్కేవాణ్ణి ఎంతవరకని ఎగదోస్తారు? మాస్టారు మొదటి రెండు మెట్లూ ఎక్కిస్తారు. పై మెట్లకు మన కాళ్ళే ఆధారం.

ఇంత శ్రమా అని నిరుత్సాహపడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మొదట చెప్పిన ఆ అమెరికా శిక్షణ సంస్థ తన దౌత్యోద్యోగులకు మన తెలుగు కూడా నేర్పదగిన భాషల పట్టికలో చేర్చింది. పూర్తికాలం అదే పనిగా చదివితే మూడో స్థాయి చేరడానికి సుమారు 44 వారాలు, 1100 తరగతి గంటలు పడుతుందని దాని అంచనా. మనం అమ్మ ఒడిలో నేర్చి, వచ్చిందన్న ఊహ కూడా లేకుండా మాట్లాడే భాష పరాయివాడికి అంత బరువు. కాబట్టి జర్మన్ మనకు ఆరు నెలల్లో రాలేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఇవాళ ఏ మెట్టు మీద ఉన్నామో నిజాయితీగా తెలుసుకుని, పై మెట్టుకు కావలసిన పని ఈ సాయంత్రమే మొదలుపెడితే చాలు. పక్క గదిలో మిత్రుడున్నాడు, గడియారం ఉంది. మొదటి నాలుగు నిమిషాలు మాట్లాడి చూడండి.